పాతదైతేనే పవిత్రమా?

భక్తి పాత పాటలోనే ఉంటుందని, కొత్త సంగీతంలో ఉండేది ఉత్త చప్పుడేనని మన దగ్గర ఒక మాట స్థిరపడిపోయింది. సంగారెడ్డిలో సంగీతం నేర్పే పంతుళ్లూ అదే అంటారు, పటాన్‌చెరు కాలనీల్లో ఉత్సవాలు నడిపే కమిటీ పెద్దలూ అదే అంటారు. చదువుకున్నవాళ్లు ఇంకాస్త మర్యాదగా ‘ప్రయోగం బుద్ధికి, కీర్తన ఆత్మకు’ అని తేల్చేస్తారు.

ఈ వాదాన్ని తక్కువ చేసి చెప్పి ఖండించడం సులువు, కానీ అది న్యాయం కాదు. దాని పూర్తి బలం ఇది. తరతరాల నోళ్లలో నలిగిన కీర్తనకు ఒక పావనత్వం అబ్బుతుంది. తెలిసిన నామం, తెలిసిన వరస, తెలిసిన తాళం ఉంటే మనసు వెతుకులాట మాని నిలుస్తుంది, నిలిచిన మనసులోనే దైవం స్ఫురిస్తుంది. పల్లవి లేక, చరణం లేక, మాట లేక అరగంట సేపు సాగే సింథసైజర్ నాదంలో ఆ నిలకడ దొరకదు. వింటే కలిగే జలదరింపు నరాలకు సంబంధించినదే తప్ప ఆత్మకు సంబంధించినది కాదు. పైగా మనది పరిశ్రమల ప్రాంతం. పాశమైలారంలోనో బొల్లారంలోనో పన్నెండు గంటలు బాయిలర్ హోరులో నిలబడి వచ్చిన మనిషికి ఓదార్పు కావాలి గాని ఇంకో హోరు కాదు. ప్రయోగాలు తీరిక ఉన్నవాళ్ల ముచ్చట.

ఇందులో చాలా వాదనలు ఒకదానికొకటి ఆసరాగా నిలబడి ఉన్నాయి. విడదీస్తే ఒక్కటీ తన కాళ్ల మీద నిలవదు.

1. ఆ ‘పాత’ వయసెంత?

రుద్రారం గణేశ్ గడ్డ దగ్గరో, బీరంగూడ గుట్ట మీదో తెల్లవారగానే మైకులో అన్నమయ్య వినిపిస్తే ఐదు వందల ఏళ్ల నాటి పాట అని చేతులు జోడిస్తాం. సాహిత్యం ఐదు వందల ఏళ్ల నాటిదే. పాట మాత్రం కాదు. అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. ఆయన సంకీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలో మరుగున పడి, 1922 ప్రాంతంలో మళ్లీ వెలుగు చూశాయి. ఆ రేకుల మీద రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. ఆయన గొంతు ఏ వరసలో సాగిందో అవి చెప్పవు. ఈవేళ మనం కళ్లు మూసుకుని వినే వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. ‘నానాటి బతుకు’ను రేవతిలో కట్టింది నేదునూరి. మన ముత్తాతలెవరికీ ఆ వరస తెలియదు. దాన్ని మొదటిసారి విని కళ్లు తుడుచుకున్న మనిషి వింటున్నది కొత్త సంగీతం. పావనత్వం తరతరాల వాడుకతోనే వస్తుందనేవాళ్లు ఆ మొదటి శ్రోత కన్నీళ్లకు లెక్క చెప్పాలి.

ఇంకా వెనక్కి వెళ్దాం. ఖరహరప్రియలో త్యాగరాజుకు ముందు కృతి అంటూ దొరకదు. బహుదారి, నళినకాంతి, జయంతసేన వంటి రాగాలకు ఊపిరి పోసినవి ఆయన కృతులే. ఒకే పల్లవిని సంగతి మీద సంగతి వేసి పెంచుతూ పోయే పద్ధతిని అంత ఎత్తుకు తీసుకెళ్లిందీ ఆయనే. రామభక్తిలో ఆయన్ని మించినవాణ్ణి చూపించమంటే ఎవరూ చూపించలేరు. ఆయన కాలంలో ఆయనంత సాహసంగా కొత్త దారి తొక్కినవాళ్లూ అరుదు. ఈ రెండూ ఒకే మనిషిలో, ఒకే కృతిలో కలిసి ఉన్నాయి. భక్తి ఒక చోట, ప్రయోగం ఒక చోట అని గీత గీసేవాళ్లు త్యాగరాజును ఏ గట్టున నిలబెడతారు?

ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే పాశ్చాత్య బాణీలను తీసుకుని వాటికి సంస్కృతంలో దేవతా స్తుతులు రాశారు. ఇంగ్లండు రాజును కాపాడమని దేవుణ్ణి వేడుకునే పాట బాణీ కూడా అందులో ఉంది. ఆయన తమ్ముడు బాలుస్వామి తెల్లదొరల ఫిడేలు నేర్చి మన కచేరీలోకి తెచ్చారు. అది రాకపోతే మనకు ద్వారం వెంకటస్వామినాయుడు లేరు. భజన మండలికి ప్రాణం అనుకునే హార్మోనియం సంగతీ అంతే. 1842లో పారిస్‌లో పేటెంటు పొందిన వాయిద్యం అది. మన సంగీతానికి తగదని ఆకాశవాణి 1940లో దాన్ని గెంటేసింది. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. ఇప్పుడు అదే హార్మోనియం ముందు కూర్చుని కొందరు సింథసైజర్ మన సంప్రదాయం కాదని తీర్పులిస్తున్నారు.

తెలుగువాళ్ల ఇంట్లో ఎవరైనా పోతే ఘంటసాల భగవద్గీత పెడతారు. 1970ల్లో స్టూడియోలో, సినిమా వాద్యబృందపు పోకడలతో తయారైన రికార్డు అది. అప్పటికది పూర్తిగా కొత్త. చావింటి దుఃఖం ముందు నిలబడగలిగే బలం దానికి వయసు వల్ల రాలేదు.

బాలమురళి దగ్గర కాసేపు ఆగాలి, ఈ వాదానికి అసలు జవాబు ఆయనే కాబట్టి. పదిహేనేళ్లు దాటీ దాటకముందే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టిన మనిషి. విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజనికి రూపుదిద్దిన మనిషి. ఆ మనిషే రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్న కట్టు తెంచి, నాలుగు స్వరాలతో మహతి, లవంగి పాడాడు. అక్కడా ఆగక మూడే స్వరాలతో సర్వశ్రీ అన్నాడు. స, మ, ప, అంతే. విద్వాంసులు తప్పుపట్టారు. వీణ ఎస్. బాలచందర్ ఆయన రాగసృష్టి మీద బహిరంగంగానే తలపడ్డారు. శాస్త్ర చర్చ శాస్త్రజ్ఞులు చూసుకుంటారు. వినేవాడికి ఏం జరుగుతుందన్నదే మన ప్రశ్న. సర్వశ్రీలో గాంధారం లేదు. రాగం ఛాయ ఫలానా అని చెవికి చటుక్కున చెప్పే స్వరం అదే. నిషాదం లేదు, పై షడ్జానికి చేరుతున్నామని ముందే సూచన ఇచ్చే స్వరం అది. తెలిసిన గుర్తులన్నీ తీసేశాక చెవి ఖాళీలో నిలబడుతుంది. మధ్యమం నుంచి పంచమానికి వేసే ఒక్క అడుగు, మామూలుగా ఎవరూ పట్టించుకోని అడుగు, అక్కడ పెద్ద సంఘటన అవుతుంది. ‘ఇది ఏ రాగం’ అని వెతికే అహంకారం ఆ కాసేపు పనిలేక ఊరుకుంటుంది. ధ్యానం గురించి మన పెద్దలు చెప్పిన లక్షణాలు ఇవే కదా.

తెలిసినది మనల్ని మన ఇంట్లోనే కూర్చోబెడుతుంది, అది ఓదార్పు. ఓదార్పు అవసరమే, దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ మనల్ని మన గడప దాటించే అనుభవం వేరు. ఆ రెంటినీ ఒకటే అనుకోవడం దగ్గరే ఈ అభిప్రాయమంతా దారి తప్పింది.

2. మాట ఉండాలి, మాధుర్యం ఉండాలి

దైవనామం లేని ధ్వనిలో దైవానుభూతి ఎలా అన్నది రెండో అభ్యంతరం. అలాగైతే గుడిలో నాదస్వరం ఎందుకు? స్వామి ఊరేగుతుంటే సన్నాయి వాయించేవాడు ఒక్క మాటైనా పలకడు. ఆలాపనలో అర్థమున్న పదం ఒక్కటీ ఉండదు. నాదాన్ని ఉపాసించడమే ముక్తిమార్గమని త్యాగరాజు పాడిన కృతులున్నాయి. మాట ఒక ద్వారం, అది ఒక్కటే ద్వారమని మన సంప్రదాయం ఎన్నడూ చెప్పలేదు.

ఇక మాధుర్యం. ఇది అనేవాళ్లు తమ ఊళ్లోనే జరిగే పూజను చెవిపెట్టి విన్నారా? మల్లన్న పట్నం వేసిన రాత్రి రంగు పొడుల ముగ్గు చుట్టూ ఒగ్గు పూజారులు నిలబడతారు. మొదట ఒక డోలు నిదానంగా నడుస్తుంది. దాని మీద రెండోది వేరే లెక్కలో దిగుతుంది, తాళాలు మూడో లెక్క పడతాయి, ఒగ్గు బుర్రుమంటుంది. కథ చెప్పే గొంతు రాగం వదిలి అరుపుకీ మాటకీ మధ్య ఎక్కడో తెగుతుంటుంది. వేగం పెరిగేకొద్దీ దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు మూసుకుపోయి, డోళ్లన్నీ ఒకే ముద్ద శబ్దమవుతాయి. సరిగ్గా అక్కడ శివసత్తికి శిగమొస్తుంది. ఆ క్షణంలో వరస లేదు, మాధుర్యం లేదు, అర్థం తెలిసే మాట కూడా లేదు. పీర్ల పండుగనాడు అలావా చుట్టూ మోగే డప్పుదీ ఇదే దారి. కచేరీ హాలు చెవులతో వింటే ఇదంతా మోతే. ఈ జిల్లాలో మనుషుల మీదికి దేవుడు వచ్చేది మాత్రం ఈ మోతలోనే. మరి ఇలాంటి సాంద్రమైన నాదాన్నే ఒక కుర్రాడు కంప్యూటర్ మీద పొరలు పొరలుగా పేర్చితే అందులో ఆధ్యాత్మికతకు చోటు లేదని ముందే ఎలా చెప్పగలరు?

ఈ దారిలో బయటి ప్రపంచానికి అడుగులు వేయించిందీ మనవాళ్లే. అహ్మదాబాద్‌కు చెందిన గీతా సారాభాయి 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్ అనే స్వరకర్తకు మన సంగీతం గురించి చెప్పారు. మనసును నెమ్మదింపజేసి దైవీ ప్రభావాలకు తెరవడమే సంగీత ప్రయోజనమని తన గురువు నుంచి విన్న మాట ఆయనకు అందించారు. ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగ సంగీతంలో అందరికంటే సాహసి అనిపించుకున్న కేజ్ ఆ మాటను జీవితమంతా పట్టుకున్నాడు. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్ నెలకొల్పినప్పుడు దాని మీద పనిచేసిన భారతీయుల్లో గీత కూడా ఉన్నారు. ఎలక్ట్రానిక్ సంగీతం నిన్న మొన్న ఫోన్లతోపాటు దిగుమతైన సరుకని అనుకునేవాళ్లు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

అలిస్ కోల్ట్రేన్ సంగతి మనకు ఇంకా దగ్గరిది. డెట్రాయిట్‌లో పుట్టిన నల్లజాతి జాజ్ విద్వాంసురాలు ఆమె. పుట్టపర్తి సత్యసాయిని నమ్ముకున్నారు. కాలిఫోర్నియాలో సాయి అనంతం ఆశ్రమం నడిపారు. రామకృష్ణుల నామాలను తమ చర్చి గానపు ఊపులో, సింథసైజర్ స్వరం జారుతూ పైకి లేస్తుండగా పాడించారు. మన భజన మండలిలో ఎవరూ ఊహించని ధ్వని అది. ఆ ఆశ్రమవాసులకు అది నిత్యపూజ.

3. జలదరింపు నరాలదట

కావచ్చు. సంగీతం విని ఒళ్ళు జలదరించినప్పుడు మెదడులో డోపమీన్ విడుదలవుతుందని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపించారు. అయితే ఆ రసాయనం కీర్తన వింటే పుట్టినా డోపమీనే, ప్రయోగం వింటే పుట్టినా డోపమీనే. ఈ కత్తితో కొత్త సంగీతాన్ని నరికేవాడు సుప్రభాతాన్ని కూడా నరకాలి. ఒకదాన్ని రసాయనంగా, ఇంకోదాన్ని ఆత్మగా చూడటానికి ఆధారం ఏమీ లేదు, అలవాటు తప్ప.

4. కష్టజీవికి ఎందుకివి?

నాకు అన్నింటికంటే కోపం తెప్పించేది ఈ వాదన. దయ రూపంలో వచ్చిన చిన్నచూపు ఇది. ఫార్మా కంపెనీలో రియాక్టర్ దగ్గర ఉష్ణోగ్రత, ఒత్తిడి, వాసన, శబ్దం నాలుగూ ఏకకాలంలో కనిపెట్టుకుని ఉండే ఆపరేటర్‌కు శ్రద్ధగా వినడం రాదని ఎవరు చెప్పారు? పంపు శబ్దంలో ఇసుమంత తేడా వస్తే బేరింగ్ పోతోందని పట్టేసే చెవి అతనిది. ఏసీ హాల్లో కూర్చునే చాలామంది శ్రోతల కంటే ఆ చెవికే పదునెక్కువ. పొద్దంతా అంత సూక్ష్మమైన పని చేయించుకుని, సాయంత్రం కాగానే అతనికి పసిపిల్లల జోలపాట చాలని నిర్ణయించే అధికారం ఎవరికీ లేదు.

‘తెలిసిన పాటే కావాలి’ అనేవాళ్లు ఎవరికి తెలిసిన పాటో కూడా చెప్పాలి. ఇస్నాపూర్ చౌరస్తాలో సాయంత్రం షిఫ్టు విడిచాక పది నిమిషాలు నిలబడితే ఒడియా, భోజ్‌పురీ, బెంగాలీ, మరాఠీ, తెలుగు వినబడతాయి. భద్రాద్రి రామదాసు కీర్తన నాకు అమ్మ నోటి పాట. బాలాసోర్ నుంచి వచ్చి రేకుల గదిలో ఆరుగురితో ఉంటున్న కుర్రాడికి అది పరాయి భాషలో పరాయి వరస. చిన్ననాటి జ్ఞాపకంతోనే ఆధ్యాత్మికత వస్తుందంటే, ఈ ప్రాంతాన్ని నడిపే మనుషుల్లో ఎందరో ఆ గడప బయటే ఉండిపోవాలి. ఎవరి అమ్మభాషా కాని నాదం ముందు వాళ్లూ మనమూ ఒకే మెట్టు మీద నిలబడతాం.

చరిత్రలో దీనికి గట్టి ఉదాహరణ ఉంది. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లకు బందీ అయ్యాడు. గోర్లిట్స్ దగ్గరి యుద్ధఖైదీల శిబిరంలో, దొరికిన నాలుగు వాయిద్యాలకు ‘కాలాంతానికి చతుష్కం’ అనే రచన చేశాడు. 1941 జనవరి 15న, గడ్డకట్టే చలిలో, ఖైదీల ముందే దాన్ని వాయించారు. లయ చాలాచోట్ల సమంగా నడవదు, శ్రుతులు అలవాటైన దారిలో పోవు. ఆనాటి ఐరోపాకే అది కొరుకుడు పడని సంగీతం. విన్నవాళ్లలో ఎందరో చదువు లేనివాళ్లు, అర్ధాకలితో ఉన్నవాళ్లు. అంతటి శ్రద్ధతో తనను ఎవరూ ఎన్నడూ వినలేదని మెస్సియాన్ తర్వాత చెప్పుకున్నాడు. శ్రమలో, బందీఖానాలో ఉన్నవాడికి సులువైన పాటే కావాలన్న మాట ఆ రాత్రే అబద్ధమని తేలిపోయింది.

ఆ రచనలోని కొన్ని లయలు మెస్సియాన్‌కు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెప్పాలి. దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో రాసిన సంగీతరత్నాకరంలోని 120 దేశీతాళాల పట్టిక నుంచి. మన దక్కను గడ్డ మీద పుట్టిన శాస్త్రం అది. దానికి సంగీతసుధాకరం పేరుతో వ్యాఖ్య రాసింది రాచకొండ ఏలిన మన తెలంగాణ రాజు సింగభూపాలుడు. ఆ తాళాలు మన కచేరీల్లో వాడుక తప్పిపోయాయి. వాటిని పుస్తకంలోంచి లేపి, క్రైస్తవ విశ్వాసంతో నింపి, ఖైదీల చేత వినిపించినవాడు ఒక ప్రయోగవాది. దక్కనులో పుట్టిన తాళాన్ని దక్కను వాసికే ‘మీకు ఇది ఎక్కదు’ అని దూరం పెట్టడం కంటే అన్యాయం ఉంటుందా?

5. మోత మీద మోత ఎందుకు?

ఇందులో న్యాయమైన ముక్క ఒకటుంది. నిమజ్జనం రోజున డీజే బండి ఇంటి ముందుకొస్తే కిటికీ అద్దాలు అదురుతాయి, ముసలివాళ్ల గుండె దడదడలాడుతుంది. దాన్ని నేను సమర్థించను. కానీ డీజే బండిలో సాహసం ఏముంది? అందరికీ తెలిసిన సినిమా పాట, అందరికీ తెలిసిన దరువు, పెద్ద స్పీకర్లు. తెలిసినదాన్నే ఇంకా గట్టిగా వినిపించడం అది. పాతపాట వాదం దాని తార్కిక ముగింపుకు చేరితే వచ్చేది డీజేనే. కొత్త సంగీతంలో ఎంతో భాగం అసలు గొంతు పెంచదు. దాని సాహసమంతా వినే తీరు మార్చడంలో ఉంది.

ఈ ప్రాంతపు శబ్దాన్నే తీసుకోండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనేది దానికి రెట్టింపు, 100 హెర్ట్‌జ్ దగ్గర. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి వెనక తంబురా మొదటి తీగ మంద్ర పంచమం. అది సుమారు 98 హెర్ట్‌జ్. అంటే ఫ్యాక్టరీ గేటు పక్కన రాత్రంతా మోగే ట్రాన్స్‌ఫార్మర్, కాస్త హెచ్చు శ్రుతిలో, తంబురా మొదటి తీగనే మీటుతోంది. నైట్ డ్యూటీలో రెండు గంటల వేళ, లారీల రాకపోకలు ఆగిపోయాక, సెక్యూరిటీ గార్డు కుర్చీలో కూర్చుని వింటే అది తెలుస్తుంది. దాని మీద దూరంగా కూలింగ్ టవర్ నీటి జల్లు, ఇంకా దూరంగా ముంబయి హైవే. ఒక స్వరకర్త ఈ నాదాలను రికార్డు చేసి, నెమ్మదిగా పరిచి, వాటి మీద ఒక గొంతునో సన్నాయినో నిలబెడితే, అక్కడ పనిచేసే మనిషి తన బతుకంతా నిండిన శబ్దాన్ని మొదటిసారి సంగీతంగా వింటాడు. అది మోత మీద మోత కాదు. ఇరవయ్యేళ్లుగా తనను నలిపిన హోరులోనే వినదగినదేదో ఉందని అతనికి తెలిసే సందర్భం. పాత కీర్తన ఎంత గొప్పదైనా ఈ పని చేయలేదు. అది పుట్టినప్పుడు పటాన్‌చెరు పారిశ్రామికవాడ లేదు.

కొత్తది ప్రతిదీ గొప్పదని నేననడం లేదు. శూన్యమైన ప్రయోగాలు బోలెడున్నాయి, శూన్యమైన భజనలూ బోలెడున్నాయి. రెంటినీ ఒకే కొలతతో కొలవాలన్నదే నా వాదం. వినేవాడిని ఆ సంగీతం తన నుంచి తాను బయటికి రప్పించిందా, లేదా? వయసు ధ్రువీకరణ పత్రం అడగడం ఆ కొలత కాదు.

అందుకు ఏర్పాట్లు ఇక్కడే ఉన్నాయి. కందిలో ఐఐటీ ఉంది, అక్కడ ధ్వనిని యంత్రాలతో మలచగల పిల్లలున్నారు. దాని గేటు దాటితే ఒగ్గు డోలు, డప్పు, సన్నాయి తెలిసినవాళ్లున్నారు. మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సొంతంగా నడుపుతున్న సంఘం రేడియో ఉంది. ఝరాసంగం కేతకి సంగమేశ్వరుడి గుడి, బొంతపల్లి వీరభద్రుడి గుడి వంటి చోట్ల రాత్రంతా జాగారం చేసే జనమున్నారు. శివరాత్రి జాగారంలో ఒక్క జాము కొత్త నాదానికి ఇమ్మని అడుగుతున్నాను. మిగతా మూడు జాములూ పాతవాటికే ఉంచండి. కార్మికుల కాలనీల్లో ఆదివారం సాయంత్రం ఒక షామియానా, రెండు మంచి స్పీకర్లు, కింద జంపఖానాలు, గంటసేపు మాటల్లేని సంగీతం పెట్టి చూడండి. జనం ఒప్పుకోరని కమిటీల వాళ్లు అంటారు. జనాన్ని వాళ్లు ఇంతవరకు అడిగింది లేదు. విన్నాక వద్దంటే అది జనం మాట, దానికి నేనూ తలవంచుతాను. వినిపించకుండానే వాళ్ల తరఫున వద్దనడానికి మాత్రం ఏ కమిటీకీ హక్కు లేదు.